ఊగే లాంతరు కోసం నాలుగు రోజులు

2018 ఏప్రిల్‌లో అక్కా, బావగారూ ఫీనిక్స్‌లో మా ఇంటికొచ్చి మూడు వారాలైంది. చూపించాల్సినవన్నీ చూపించేశాం అనుకుంటుండగా ఒకరోజు బావగారు కాఫీ తాగుతూ, "మీ దేశంలో రైలు గేటు దగ్గర ఎర్రలైటున్న పళ్లెం ఒకటి అటూ ఇటూ ఊగేదట కదా. ఇంకా ఎక్కడైనా ఉందా?" అన్నారు.

ఆయన రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. గ్రాండ్ కాన్యన్ చూపిస్తే పావుగంటలో వచ్చి కారులో కూర్చున్నారు. అలాంటాయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. వెతికితే కాలిఫోర్నియాలో రెండు చోట్ల ఇంకా పనిచేస్తున్నాయని తెలిసింది. ఆ పళ్లేన్ని విగ్‌వాగ్ అంటారు. శుక్రవారం నుంచి సోమవారం దాకా ప్లాన్ వేశాను. అక్క మాత్రం, "ముప్పై ఏళ్లుగా సిగ్నళ్ల కథలు వింటూనే ఉన్నాను, మీరిద్దరూ వెళ్లి రండి" అని ఇంట్లోనే ఉండిపోయింది.

మొదటి రోజు, శుక్రవారం: వెర్నన్

పొద్దున్నే లాస్ ఏంజిలిస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని నేరుగా వెర్నన్ వెళ్లాం. డౌన్‌టౌన్‌కి దక్షిణంగా కొద్ది మైళ్ల దూరం. దాన్ని ఊరనడం కన్నా ఫ్యాక్టరీల గుంపు అనడం నయం. 2010 జనాభా లెక్కల్లో అక్కడ కాపురమున్నవాళ్లు 112 మందే. ఎటు చూసినా గోడౌన్లు, పొడుగాటి లారీలు, ఇనుప కంచెలు.

49వ వీధిలో పట్టాలు దాటే చోట కనిపించింది. నేను ఇంకా కారు పార్క్ చేస్తుండగానే బావగారు దిగిపోయారు. స్తంభం మీద గుండ్రటి తెల్ల రేకు, దాని చుట్టూ నల్ల అంచు, మధ్యలో నల్లటి ప్లస్ గుర్తు, ఆ ప్లస్ నడిమధ్యన ఎర్ర అద్దం. కదలకుండా వేలాడుతోంది. లారీలవాళ్లు దానివైపు కన్నెత్తి చూడకుండా పట్టాలు దాటిపోతున్నారు.

దీని పుట్టుక కూడా ఈ చుట్టుపక్కలే. మొదట్లో పట్టాలకు రోడ్డు అడ్డం వచ్చిన చోట ఒక కాపలా మనిషి ఉండేవాడు. పగలు జెండా, రాత్రి ఎర్ర లాంతరు పట్టుకుని, రైలొస్తుంటే రోడ్డు మీదికొచ్చి ఊపేవాడు. మోటారు కార్లు పెరిగేసరికి ప్రతి క్రాసింగ్‌కీ మనిషిని పెట్టి జీతాలివ్వడం కుదరలేదు. ఇక్కడి పసిఫిక్ ఎలక్ట్రిక్ రైల్వేలో ఇంజనీరుగా ఉన్న ఆల్బర్ట్ హంట్ 1909లో ఆ మనిషి చేతినే యంత్రంగా మార్చాడు. తర్వాత లాస్ ఏంజిలిస్‌లోని మాగ్నెటిక్ సిగ్నల్ కంపెనీ వీటిని తయారుచేసి 'మాగ్నెటిక్ ఫ్లాగ్‌మన్' పేరుతో అమ్మింది. అయస్కాంతపు జెండా మనిషి అన్నమాట. ఆ పేరు విని బావగారు, "నిజాయితీ గల పేరు" అన్నారు.

రైలు కోసం కూర్చున్నాం. గంట గడిచింది. ఈలోపు బావగారు స్తంభం చుట్టూ నాలుగుసార్లు తిరిగొచ్చి, "ఒక తిరకాసుందోయ్ ఇందులో" అన్నారు. "కరెంటు ఉంటేనే ఇది ఊగుతుంది. కరెంటు పోతే ఊగదు. రైలు రాకపోయినా ఊగదు. రోడ్డు మీదున్నవాడికి ఆ రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది?" నాకు తట్టని సంగతి. సిగ్నల్ పనిలో మొదటి పాఠం అదేనట: ఏది చెడిపోయినా సరే, అది ఎర్ర వైపుకే చెడాలి.

రెండు గంటలైంది. రైలు లేదు. దానికీ ఒక కారణం ఉంది. ఓడరేవుల నుంచి వచ్చే గూడ్సు రైళ్లు దాదాపు అన్నీ 2002 నుంచి అలమీడా కారిడార్ మీదుగా పోతున్నాయి. అది 20 మైళ్ల దారి. అందులో పది మైళ్లు రోడ్లకి అడుగున, కాలువలా తవ్విన కందకంలోనే నడుస్తుంది. దానివల్ల దాదాపు 200 లెవెల్ క్రాసింగుల బెడద ఒక్కసారే పోయింది. ఈ పాత లైను మీద మిగిలినవి ఎప్పుడో ఒకటీ అరా. ఆ కందకం తవ్వబట్టి ఇటు రైళ్లు తగ్గిపోయి, దీని జోలికి ఎవరూ రాక ఈ పళ్లెం బతికిపోయిందేమో అని నాకనిపించింది. ఇది నా ఊహ మాత్రమే.

మూడో గంటలో ఒక సెక్యూరిటీ అతను కారాపి, ఇక్కడేం చేస్తున్నారని అడిగాడు. సిగ్నల్ చూడ్డానికొచ్చామన్నాను. నన్నూ, బావగారి మంకీ క్యాప్‌నీ, ఆ స్తంభాన్నీ మార్చి మార్చి చూసి, "అదా?" అని వెళ్లిపోయాడు. చీకటి పడింది. అది ఊగలేదు.

రెండో రోజు, శనివారం: పెర్రిస్

లాస్ ఏంజిలిస్‌కి తూర్పుగా 70 మైళ్ల పైచిలుకు దూరంలో పెర్రిస్. అక్కడున్న ఆరంజ్ ఎంపైర్ రైల్వే మ్యూజియానికి వెళ్లాం. మరుసటి ఏడాది దాని పేరు సదరన్ కాలిఫోర్నియా రైల్వే మ్యూజియం అని మార్చారు. హంట్ పనిచేసిన పసిఫిక్ ఎలక్ట్రిక్ వాళ్ల ఎర్ర ట్రాము బళ్లు ఇక్కడ బోలెడున్నాయి. ఒకప్పుడు వెయ్యి మైళ్లకు పైగా పట్టాలున్న కంపెనీ అది. 1961లో దాని ఆఖరి ప్రయాణికుల లైను కూడా మూతపడింది.

లోపలికెళ్లిన పది నిమిషాలకే ట్రాము ఒకటి కదిలింది, దారి పక్కనున్న విగ్‌వాగ్ ఊగడం మొదలుపెట్టింది. వీడియోల్లో చూసి, నిదానంగా గోడగడియారం లోలకంలా ఊగుతుందనుకున్నాను. అలా లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు విసిరినట్టు పోతుంది, అక్కడొక్క క్షణం ఆగినట్టనిపించి మళ్లీ తిరిగొస్తుంది. ఇనుము ఇనుముకి తగిలే చప్పుడు, దానితోపాటే గంట. బావగారు మొహంలో ఏ మార్పూ లేకుండా చూసి, "ఎల్లుండికి ఉంచు, రోడ్డు మీద చూడాలి" అన్నారు. మ్యూజియంలో ఊగడం ఆయన లెక్కలోకి రాదట. పెళ్లిచూపులకి ముస్తాబైనట్టుంది అన్నారు.

ఆయన్ని నిజంగా పట్టి నిలబెట్టింది గేటు. ఎరుపూ తెలుపూ చారల చెయ్యి, రెండో పక్క బరువు దిమ్మలు. అక్కడి వాలంటీరు ఒకాయన దాదాపు బావగారి వయసువాడు. ఈయన సిగ్నల్ మనిషని చెప్పగానే గేటు పక్కన పెట్టె తాళం తీసి చూపించాడు. బావగారి ఇంగ్లిషు ఆయనకి సగమే అర్థమైంది, ఆయన యాస బావగారికి అంత కూడా అర్థం కాలేదు. కానీ 'రిలే', 'డ్రాప్', 'పికప్', 'కాంటాక్ట్' అనే నాలుగు ముక్కలతో ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. నేను పక్కన నీడలో కూర్చుని నోట్సు రాసుకున్నాను.

గేటు సంగతి ఇది. చెయ్యి పైకెత్తి ఉంచడానికే కరెంటు కావాలి. కరెంటు ఆగిపోతే చెయ్యి దాని బరువుకి అదే కిందికి వాలుతుంది. విగ్‌వాగ్‌కి సరిగ్గా తిరగేసిన లెక్క. నిన్న వెర్నన్‌లో బావగారు పట్టిన తిరకాసు ఇందులో లేదు. పైన చేతికి మూడు ఎర్రలైట్లుంటాయి. చివరిది ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, మిగతా రెండూ ఒకటి మార్చి ఒకటి మెరుస్తాయి. చీకట్లో చెయ్యి ఎక్కడిదాకా ఉందో తెలియడానికే ఆ కొసలైటు. ఇన్నేళ్లుగా గేట్ల దగ్గర ఆగుతూ నేనది ఎప్పుడూ గమనించలేదు.

మొదట్లో గేట్లు కూడా మనిషి చేతితో నడిచేవే. బోస్టన్‌కి చెందిన నాసన్, విల్సన్ అనే ఇద్దరికి 1867 ఆగస్టులో అమెరికాలో క్రాసింగ్ గేటు పేటెంటు వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం పట్టాల పక్క ఎత్తైన గదిలో కూర్చున్న మనిషి మర తిప్పి దించడమే. రైలు దానంతటదే గేటు దించుకోవాలంటే, రైలొస్తోందని తీగలకి తెలియాలి కదా. దానికి మూలం విలియం రాబిన్‌సన్ 1872లో పేటెంటు తీసుకున్న ట్రాక్ సర్క్యూట్. రెండు పట్టాల గుండా చిన్న కరెంటు పోతూ రిలే అనే అయస్కాంతపు స్విచ్చుని ఎత్తి పట్టుకుని ఉంటుంది. రైలు చక్రాలు వచ్చి రెండు పట్టాలనీ కలిపేస్తే రిలేకి కరెంటు అందక కిందపడుతుంది. రిలే పడిందంటే ప్రమాదం. పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా పడుతుంది. ఈ మాట చెప్పేటప్పుడు బావగారు రాబిన్‌సన్ పేరు ముందు 'మహానుభావుడు' అని చేర్చారు.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ అడిగారు, "గేటు పడ్డాక ఎంతసేపటికి రైలొస్తుంది?" లైట్లు మొదలైన దగ్గర్నుంచి కనీసం 20 సెకన్లుండాలని ఇక్కడి నియమం. లైట్లు మెరిసిన మూడు సెకన్ల తర్వాత గానీ చెయ్యి కదలకూడదు, రైలు రావడానికి ఐదు సెకన్ల ముందే పూర్తిగా పడిపోయుండాలి. అది విని ఆయన తినడం ఆపేశారు. "ఇరవై సెకన్లా? మా దగ్గర గేటు మూసి, తాళం పడితేనే రైలుకి సిగ్నల్. గేటు పడందే రైలు రాదు. ఇక్కడ రైలే వచ్చి గేటు మూసుకుంటోందన్నమాట!" మనవాళ్లు గేటు దగ్గర అంతంతసేపు ఎందుకు ఆగాలో నాకప్పుడు అర్థమైంది. 

ఆయన పేపర్ నాప్‌కిన్ మీద లెక్క వేశారు. గంటకి 79 మైళ్ల వేగమంటే 20 సెకన్లకి సుమారు 700 మీటర్లు. అంత దూరం నుంచే రైలు సంగతి తెలియాలి. అదే చోట గూడ్సు బండి పది మైళ్ల వేగంతో వస్తే? గేటు రెండున్నర నిమిషాలకు పైగా మూసే ఉంటుంది. జనం ఓపిక పట్టలేక పక్కనుంచి దూరిపోతారు. 1960లలో దీనికీ మందు కనిపెట్టారు. రైలు దగ్గరయ్యేకొద్దీ పట్టాల్లో మారే విద్యుత్ లక్షణాన్ని కొలిచి, దాన్ని బట్టి రైలు వేగం అంచనా కట్టే పరికరం అది. రైలు మెల్లగా వచ్చినా వేగంగా వచ్చినా గేటు ఇంచుమించు ఒకే సమయం ముందు పడుతుంది. ఆ నాప్‌కిన్ మడిచి ఆయన జేబులో పెట్టుకున్నారు.

మూడో రోజు, ఆదివారం: రైల్లో

కారు అప్పగించి, యూనియన్ స్టేషన్‌లో కోస్ట్ స్టార్‌లైట్ ఎక్కాం. ఓక్లాండ్ దాకా పదకొండు గంటల పైమాటే. ఎడమ పక్క సముద్రం చాలా బాగుంటుంది. అందరూ రాసేశారు కాబట్టి నేను రాయను.

రోజంతా మేం విన్నది కూత. ప్రతి క్రాసింగ్ ముందూ రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ ఒకటి పొడుగు. రైలు క్రాసింగ్ చేరడానికి 15 నుంచి 20 సెకన్ల ముందు మొదలుపెట్టాలి. తర్వాత గేటు గంట చెవిన పడుతుంది. ఎదురొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోగానే బొంగురుగా. కిటికీలోంచి ఒక్క అర సెకను కనిపించేది: వరసగా ఆగిన కార్లు, పైకి చూస్తున్న మొహాలు, ఎవరో పిల్లాడు ఊపే చెయ్యి. జీవితమంతా గేటుకి అవతలి వైపే ఉన్నాను నేను. ఇటునుంచి చూస్తే ఆ ఆగినవాళ్లందరూ మనకోసమే నిలబడ్డట్టుంటుంది.

1998లో నేనీ దేశం వచ్చిన కొత్తలో ఇల్లినాయిలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అద్దె తక్కువని తీసుకున్న అపార్ట్‌మెంట్. తక్కువ ఎందుకో మొదటి రాత్రే తెలిసింది. పడగ్గది కిటికీకి ఎదురుగా రైల్వే క్రాసింగ్. రాత్రి రెండింటికి గంట మోగేది. కర్టెన్ సందులోంచి ఎర్రటి వెలుగు గోడ మీద పడేది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మా ఆవిడ నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అక్కడే పుట్టిన మావాడికి మాత్రం ఆ గంటే జోల. తర్వాత ఇల్లు మారాక నిశ్శబ్దంగా ఉందని మూడు రాత్రులు ఏడ్చాడు.

ఆ గోడ మీద వెలుగు గురించే నేను బావగారికి చెప్పాలనుకున్నది. అప్పటివి ఫిలమెంటు బల్బులు. టప్పున వెలిగి టప్పున ఆరవు. ఒకటి మెల్లగా కమిలి ఆరిపోతుంటే రెండోది ఎర్రబడుతూ వచ్చేది. దాంతో గోడ మీద ఒకే వెలుగు ఇటునుంచి అటు నడిచినట్టుండేది. ఒక చలికాలం లారీ ఒకటి గుద్ది గేటు చెయ్యి విరిగింది. మంచులో పడిన ఆ చారల కర్ర మీద కొసలైటు ఇంకా వెలుగుతూనే ఉండటం కిటికీలోంచి చూశాను. మేం ఆ ఊరు వదిలేలోపే సుత్తి కొట్టే పాత గంట తీసేసి, స్పీకర్లోంచి గంటలా మోగేది పెట్టారు. తర్వాత ఎప్పుడో అటు వెళ్తే లైట్లు కూడా ఎల్ఈడీలు. దూరం నుంచి బాగా కనిపిస్తాయి, మన్నుతాయి, కాదనను. కానీ వాటి వెలుగు నడవదు. ఇక్కడ ఆరుతుంది, అక్కడ పుడుతుంది.

బావగారు విని, కాసేపు కిటికీలోంచి చూసి, "రెండు లైట్లూ మార్చి మార్చి వెలగడం ఎందుకనుకున్నావ్? లాంతరు ఊపడమేగా అది. మధ్యదారి తీసేసి రెండు చివర్లూ ఉంచారు" అన్నారు. అలా మెరిసే జంట లైట్లు 1913లోనే న్యూజెర్సీలో వచ్చాయి. విగ్‌వాగ్‌లో ఒక చెయ్యి, ఒక లైటు. అందులో చెయ్యి పోయింది. బల్బుల కాలంలో ఆ ఊపు ఛాయగా అయినా మిగిలుండేదని అప్పుడు తట్టింది నాకు.

ఓక్లాండ్ జాక్ లండన్ స్క్వేర్ దగ్గర రైలు నడివీధిలో నడుస్తుంది. నిజంగానే వీధి మధ్యలో. ఇటూ అటూ హోటళ్లు, ఆగిన కార్లు, నడిచేవాళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకి మేం దిగేసరికి మూలమూలా ఎర్రలైట్లే. బావగారు సూట్‌కేసు పట్టుకుని, "ఇదేం ధైర్యంరా నాయనా" అంటూ నిలబడిపోయారు.

నాలుగో రోజు, సోమవారం: పాయింట్ రిచ్‌మండ్

సాయంత్రం ఓక్లాండ్ నుంచి ఫీనిక్స్ ఫ్లైటు. కాబట్టి ఏది చూడాలన్నా మధ్యాహ్నంలోపే. నాకు టెన్షన్. ఆయనకి లేదు.

పాయింట్ రిచ్‌మండ్ కొండవాలున్న పాతకాలపు చిన్న పేట. వెస్ట్ రిచ్‌మండ్ అవెన్యూ పట్టాలు దాటే చోట రోడ్డుకి చెరో పక్కా ఒక్కో విగ్‌వాగ్. ఇవి వేలాడేవి కావు. పళ్లెం స్తంభం పైన నిటారుగా ఉంటుంది, కింద బరువు దిమ్మ దాన్ని నిలబెడుతుంది. ఇలా పైకి నిలబడే రకంలో జంటగా పనిచేస్తున్నవి దేశం మొత్తం మీద అప్పటికి ఇవే మిగిలాయి. 1983లో ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ లెక్కలో విగ్‌వాగ్ ఉన్న క్రాసింగులు 2,618. 2004కి 1,098. విడిభాగాలు కొత్తగా దొరకవు. ఒకటి తీసేస్తే దాని ముక్కలతో ఇంకోటి బతకాలి.

కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి పలకరించాడు. చాలా ఏళ్ల క్రితం వీటిని తీసేస్తామంటే ఊరివాళ్లంతా పట్టుబట్టి ఆపారట. "రైలెప్పుడొస్తుంది?" అని అడిగాను. భుజాలెగరేసి నవ్వాడు. బావగారు స్తంభం మీదున్న చిన్న నీలం బోర్డు చూపించారు. ఆపదొస్తే ఫోన్ చేయాల్సిన నంబరు, పక్కన ఆ క్రాసింగ్ నంబరు: ఆరంకెలు, చివర ఒక అక్షరం. "ఇది బాగుంది. ఫోన్ చేసేవాడు దారి చెప్పనక్కర్లేదు."

పన్నెండింటికి ఇక లేద్దామని నేనంటుండగా టక్కుమని చప్పుడైంది. నాకు ఎదురుగా ఉన్న పళ్లెం ఒక పక్కకి ఒరిగి, వెంటనే రెండో పక్కకి పడింది. ఎర్రలైటు వెలిగింది. గంట అందుకుంది. రెండు పళ్లేలు, రెండు గంటలు, తాళం కలవకుండా. కార్లు ఆగాయి. ఇంజనొకటి కొన్ని వ్యాగన్లని మెల్లగా లాక్కుంటూ వచ్చింది.

నేను వీడియో తీస్తున్నాను. బావగారు ఫోన్ బయటికి తియ్యలేదు. వాచీ చూసుకుంటూ పెదాలు కదుపుతున్నారు. లెక్కపెడుతున్నారని తర్వాత తెలిసింది. ఆఖరి వ్యాగను దాటింది. పళ్లెం ఇంకో రెండు ఊపులూగి, నిటారుగా నిలబడింది.

"కాలింగ్ బెల్లు లాంటిదే" అన్నారు. "రెండు పక్కలా రెండు కాయిళ్లు, కరెంటిస్తే అయస్కాంతాలయ్యే తీగచుట్టలు. ఒకటి లాగుతుంది. చెయ్యి అటు పోగానే ఆ కాంటాక్ట్ తెగి ఇటు కలుస్తుంది. రెండోది లాగుతుంది. అంతే, మెదడు లేదు." 

తిరుగుదారిలో, నేనడక్కుండానే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానాకాలం రాత్రి గేటు మధ్యలో లారీ దిగబడింది. గేట్‌మన్ ఒక వైపు, ఈయన ఇంకో వైపు ఎర్ర లాంతర్లతో పట్టాల వెంట పరిగెత్తారు. రైలు ఈయన వైపు నుంచే వచ్చింది. ఆగింది. "ఎంతసేపు ఊపానో తెలీదు. ఆగాక కూడా ఊపుతూనే ఉన్నానట. డ్రైవరు దిగొచ్చి చెయ్యి పట్టుకున్నాడు." టాక్సీలో కూర్చుని, తెలియకుండానే కుడిచెయ్యి కొంచెం అటూ ఇటూ ఆడించారు.

మరుసటి ఏడాది, 2019లో, పాయింట్ రిచ్‌మండ్‌లో కొత్త సిగ్నళ్లు పెట్టి ఆ రెంటికీ కరెంటు తీసేశారు. స్తంభాలనీ పళ్లేలనీ మాత్రం గుర్తుగా అక్కడే ఉంచారు. బావగారికి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"కాయిళ్లు లోపలే ఉంచారా, పీకేశారా?" అన్నారు.

తెలీదన్నాను.

"కనుక్కో" అన్నారు.